బాగుచేశారు సరే, ఊడ్చేదెవరు?

మా హైదరాబాద్ కోఠీ ఉమెన్స్ కాలేజీ ఆవరణలోని పాత రెసిడెన్సీ బంగళాను బాగుచేశారన్న వార్త 2023 జనవరిలో వచ్చింది. ఆనాటి నుంచి కనిపించిన ప్రతివాళ్లూ ఆ సంగతి నాకు చెప్పడమే. పెళ్లికి పోతే చెబుతారు, పరామర్శకు పోతే చెబుతారు. “పెద్దమ్మా, వాట్సాప్‌లో వీడియో పెట్టాను, చూశావా?” అని మా చెల్లెలి కొడుకు. “మేడమ్, మీరు చదివింది అక్కడేగా, ఎంతెంత స్తంభాలండీ!” అని పక్క ఫ్లాటాయన. ఆ ఆరు స్తంభాల నీడలో కూర్చుని మామిడికాయ పచ్చడన్నం తిన్నదాన్ని నేను. వాటి ఎత్తు నాకు ఫోన్లో చూపిస్తారా?

చూశాను. వీడియో కాదు, వెళ్లి కళ్లారా చూశాను. బాగుంది. చాలా బాగుంది. ఆ ముక్క ముందే అనేస్తే తర్వాత నా సణుగుడికి ఎవరూ అడ్డు రారు కదా, అందుకని ముందే అనేశాను.

మా రోజుల్లో ఆ బంగళాను చూడ్డానికంటూ ఎవరూ వచ్చేవారు కాదు. పనుండి వచ్చేవాళ్లం. 1968లో నేను పీయూసీలో చేరేనాటికి చాదర్‌ఘాట్ వైపు నుంచి కొందరు నడిచి వచ్చేవారు, సికింద్రాబాద్ పిల్లలు డబుల్ డెక్కర్ బస్సులో వచ్చేవారు, పాతబస్తీ పిల్లలు పరదా కట్టిన రిక్షాల్లో దిగేవారు. దిగినవాళ్లం దిగినట్టే పైట సర్దుకుంటూ ఆ ఇరవై పైచిలుకు మెట్లూ ఎక్కి లోపల పడేవాళ్లం. మెట్లకు అటొక సింహం, ఇటొక సింహం. వాటి పక్కన నిలబడి ఫోటో దిగాలన్న ఆలోచన మాకు ఎన్నడూ రాలేదు. ఫోటో అంటే స్టూడియోకు పోవాలి, స్టూడియో అంటే పెళ్లి సంబంధం వచ్చిందని అర్థం. సింహం వీపు మీద పుస్తకాల సంచీ పెట్టుకుని నోట్సు రాసుకునేవాళ్లం, అంతే.

ఇప్పుడు అదే మెట్ల మీద ఎవరు ఏ మెట్టు మీద నిలబడితే ఫోటో బాగా వస్తుందో చెప్పే మనుషులున్నారు. ఒకమ్మాయి లంగా ఓణీ వేసుకుని, జుట్టు విరబోసుకుని, సింహం చెవి పట్టుకుని నవ్వుతోంది. చుట్టూ ముగ్గురు కెమెరాలవాళ్లు. “నీకు ఆ ఇల్లు ఎవరిదో తెలుసా అమ్మా?” అని అడిగాను. “నిజాందా ఆంటీ?” అంది. దారినపోయే ముసలామె అడిగిందని పాపం సమాధానం చెప్పింది, అందుకు సంతోషం. కాని నిజాంది కాదు.

అలాగని పూర్తిగా తప్పు కూడా కాదు. డబ్బు నిజాందే. ఇల్లు మాత్రం ఈస్టిండియా కంపెనీ దొరది. 1798 నుంచి 1805 దాకా ఇక్కడ రెసిడెంటుగా, అంటే నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధిగా, ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ దీన్ని 1803లో మొదలుపెట్టించాడు. మద్రాసు ఇంజినీర్లలో పనిచేసే లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్ నమూనా గీసిచ్చాడు. మూసీ ఒడ్డున అరవై ఎకరాల తోట, అందులో మేడ. స్థలం అడగడానికి దొర పెద్ద పటం గీయించుకుని దర్బారుకు పోతే, ఇదేదో నా రాజ్యమంత ఉందే అని నిజాం అలీఖాన్ ఇవ్వనన్నాడట. ఎవరో ఉపాయం చెబితే అదే పటాన్ని అరచేతిలో పట్టే కార్డు మీద గీయించి మళ్లీ పట్టుకుపోయాడట. ఇంతేనా, తీసుకోమన్నాడట నవాబు. కథ నిజమో అబద్ధమో గాని, ఈ ఊళ్లో స్థలాల వ్యవహారం ఆనాటి నుంచీ అంతే.

దొరకు ఈ ఊరి గాలి బాగా పట్టింది. ఇక్కడి బట్టలు కట్టాడు, హుక్కా పీల్చాడు, ఫారసీ మాట్లాడాడు, హష్మత్ జంగ్ అని బిరుదు తగిలించుకున్నాడు. గొప్ప నవాబుల ఇంటి పిల్ల ఖైరున్నీసాను పెళ్లాడాడు. ఆమె కోసం తోట వెనక రంగమహల్ అని జనానా కట్టించాడు. పరదాలో ఉండే మనిషి ముందు వైపుకు వచ్చి మేడ చూడలేదు గనక, చూసుకొమ్మని దాని నమూనా ఒకటి చిన్నది కట్టించి జనానా దగ్గర పెట్టించాడని చెబుతారు. 1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండుకు పంపేశారు. అదే ఏడు ఆయన కలకత్తా పోయి అక్కడే కన్నుమూశాడు. కట్టించిన మేడలో కుదురుగా కాపురం చేసిందీ లేదు. ఆమెకు పిల్లలు మళ్లీ కంటపడనే లేదు. 1813లో పోయింది, ముప్పై నిండకుండానే. తర్వాత వచ్చిన దొరలకు రంగమహల్ పేరంటేనే చిన్నతనంగా తోచి 1860ల్లో కూలగొట్టించారు.

ఈ కథంతా మాకు చెప్పింది ఏ ప్రొఫెసరూ కాదు. లేడీస్ రూం దగ్గర స్టూలు మీద కూర్చునే ఆయా చెప్పింది. తమలపాకు నములుతూ, మధ్యమధ్య మమ్మల్ని “గడబిడ జేయకుండ్రి” అని కసురుతూ, బేగం సాబా ఎట్లా కిటికీలోంచి చూసేదో తానే పక్కనున్నట్టు చెప్పేది. మేం నవ్వుకునేవాళ్లం. 2002లో విలియం డాల్రింపుల్ అదే ప్రేమకథను పెద్ద ఇంగ్లీషు పుస్తకంగా రాశాడు. అప్పుడు మన పెద్దలందరికీ హఠాత్తుగా కళ్లు తెరుచుకున్నాయి. ఆయా చెబితే పుక్కిటి పురాణం, దొర రాస్తే చరిత్ర. పుస్తకానికి నేను వంక పెట్టను, బాగా కష్టపడి రాశాడు. మన చెవులకే వంక పెడతాను.

ఇక తెల్లవాళ్లు 1947లో మూటాముల్లే సర్దుకుపోయాక ఇల్లు ఖాళీ అయింది. 1924లో పుట్టిన మా కాలేజీ 1949లో అందులోకి మారింది. ఇక్కడే నా అసలు వాదన. ఆ మేడ ఈనాటికి నిలిచి ఉందంటే ముందు ఆ మారడం వల్ల నిలిచింది. ఈ ఊళ్లో అలాంటి దేవిడీలు, హవేలీలు ఎన్ని ఉండేవి! ఖాళీగా పెట్టినవన్నీ ఏమైనాయి? మా అమ్మగారి పుట్టిల్లు సుల్తాన్ బజార్ గల్లీలో ఉండేది. ముందు పెద్ద దర్వాజా, లోపల చావడి, నడుమ తులసికోట, పైన మిద్దె. వారసులు పదకొండు మంది, ఉండేవాళ్లు ఒక్కరూ లేరు. తాళం వేసి పెట్టారు. తాళం వేసిన ఇంటి మీద మొదట పావురాలు, తర్వాత వాన, ఆ తర్వాత బిల్డరు. ఇప్పుడక్కడ అయిదంతస్తుల కాంప్లెక్సు. కింద నైటీల దుకాణం. నేను ఆ వైపు పోయినప్పుడల్లా తులసికోట ఎక్కడుండేదా అని లెక్కవేసి చూస్తాను. బిల్లింగు కౌంటరు దగ్గర తేలుతుంది.

రెసిడెన్సీకి ఆ గతి పట్టలేదంటే రోజూ పొద్దున్నే వందలమంది ఆడపిల్లలు వచ్చి అందులో కూర్చోవడం వల్ల. దర్బారు హాల్లో మాకు తెలుగు క్లాసు. పైన నగిషీల కప్పు, దిగితే నెత్తిన పడేంత పెద్ద షాండ్లియరు, గోడలకు నిలువుటద్దాలు. మా మేడమ్‌కు ఆ అద్దాలు వరం. బోర్డు వైపు తిరిగి గురువు లఘువు గుర్తులు వేస్తూనే, వెనక బెంచీలో ఎవరు సీతాఫలం తింటున్నారో అద్దంలో చూసి పేరు పెట్టి పిలిచేది. నిజాం వకీళ్లూ కంపెనీ దొరలూ ఒప్పందాలు చేసుకున్న గదిలో మేం “ప్రెజెంట్ మేడమ్” అంటూ హాజరు చెప్పేవాళ్లం. అటూ ఇటూ వంపు తిరిగి పైకెక్కే మెట్లు. వాటి మీద చెప్పులు టకటకలాడించామో, పైనుంచి “ఎవరది?” అని కేక. నాటకం రిహార్సల్సుకు వరండా, వక్తృత్వ పోటీకి హాలు, బతుకమ్మకు ముందున్న పచ్చిక. కల్చరల్ సెంటర్లు అని ఇప్పుడు వేరే కడుతున్నారే, ఆ పనంతా అప్పుడు టైంటేబుల్లో మధ్యాహ్నం మూడు తర్వాత జరిగిపోయేది.

అక్కడ తెలుగు పాఠం జరగడమంటే చిన్న విషయం కాదు. ఆ సంగతి మా మనవరాలికి చెప్పబోతే “అబ్బా అమ్మమ్మా, మొదలెట్టావా” అంటుంది. మొదలెడతాను. రెసిడెన్సీ చుట్టుపక్కల బజార్లు నిజాం ఏలుబడిలో ఉండేవి కావు, ఇంగ్లీషువాళ్ల అధికారం కింద ఉండేవి. 1933లో తిరిగి నిజాంకు అప్పగించాకే రెసిడెన్సీ బజార్ కాస్తా సుల్తాన్ బజార్ అయింది. అందుకని ఊళ్లో ఇంకెక్కడా నోరెత్తలేనివాళ్లు ఈ చుట్టుపక్కల కాస్త ఊపిరి పీల్చుకునేవారు. ఇక్కడికి నడిచి పోయేంత దూరంలో, రాంకోఠీలో, రావిచెట్టు రంగారావు గారు తమ ఇంట్లోనే చోటిస్తే 1901 సెప్టెంబర్ 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం పుట్టింది. 1921 నవంబరులో ఇక్కడి వివేకవర్ధినిలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ కసితోనే ఆ రాత్రి ఆంధ్ర జనసంఘం మొదలైంది. తెలుగు నోట వస్తే నవ్విన ఊళ్లో, యాభై ఏళ్లు తిరక్కుండా తెల్లదొర దర్బారులోనే తెలుగు ఛందస్సు చెప్పించుకున్నవాళ్లం మేము. దానికి శిలాఫలకం లేదు.

ఇంకొకటి గమనించండి. రంగారావు గారు ఇల్లిచ్చినప్పుడు ఏ బయటి సంస్థా రాలేదు. ఇల్లుగలవాడు ఇల్లిచ్చాడు, పుస్తకాలున్నవాళ్లు పుస్తకాలిచ్చారు, చందా ఇవ్వగలవాళ్లు చందా ఇచ్చారు. ఇప్పుడు మన ఊళ్లో కోట్లకు పడగలెత్తినవాళ్లకు కొదవ లేదు. కూతురి సంగీత్‌కు పాత కోట నమూనాలో అట్టలతో, థర్మకోల్‌తో సెట్టు వేయిస్తారు. పక్కనే ఉన్న నిజం గోడకు ఒక బస్తా సున్నం కొనివ్వమంటే “సీఎస్ఆర్ వాళ్లను అడగండి” అంటారు. ఒక్క రాత్రికి పెరికేసే కోటకు పెట్టిన ఖర్చు చాలు, నిజం మేడకు పదేళ్లు పూత వేయించవచ్చు.

మా మేడను బాగుచేయడానికి చివరికి వచ్చింది ఎవరయ్యా అంటే బయటివాళ్లే. న్యూయార్కులో 1965లో పెట్టిన వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అనే లాభాపేక్ష లేని సంస్థ మా మేడను 2002లో ప్రమాదంలో పడ్డ కట్టడాల జాబితాలోకి ఎక్కించింది. తర్వాత డబ్బు కూడగట్టడం, అనుమతులు, యూనివర్సిటీ వాళ్లతో మాటలు, ప్రభుత్వం వాళ్లతో మాటలు, ముందు గేటు, సమాధుల తోట, తర్వాత అసలు మేడ. జాబితాలో పేరెక్కిన నాటికీ తలుపులు తెరిచిన నాటికీ మధ్య ఇరవై ఏళ్లు దాటిపోయాయి. అదే మేడను ఎడ్లబండ్ల కాలంలో కట్టడానికి పట్టింది మూడు నాలుగేళ్లు. అప్పట్లో ఫైళ్లు లేవులెండి.

పని సాగుతుండగా పాత విద్యార్థినుల మీటింగుకని పోయి, అందరూ టీలు తాగుతుంటే నేను పనివాళ్ల దగ్గర చేరాను. నాకు మీటింగులకన్నా మేస్త్రీలు ఇష్టం. ఒకతను వరండా గోడకు గిలాబు చేస్తున్నాడు. సిమెంటు కాదు, డంగుసున్నం. నా చిన్నప్పుడు మా ఊళ్లో చూసిందే. సున్నపురాయి కాల్చి, నీళ్లలో విరగబోసి, గుంటలో రోజులతరబడి మాగనిచ్చి, ఇసుక కలిపి గానుగలో రాతి చక్రం కింద వెన్నలా అయ్యేదాకా తిప్పేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసేవారు. అతను ఓ పూత వేసి, చెక్కతో అద్ది, ఆగిపోయాడు. “ఏం బిడ్డా, ఆపేశావు?” అన్నాను. “సిమెంటు లెక్క తొందరపడదమ్మా ఇది. ఒక పూత ఆరినాకనే ఇంకో పూత. ఉరికితే ఊడొస్తది” అన్నాడు. అంతకుముందు ఇలాంటి గోడలకు సిమెంటు పూసిన మహానుభావులను ఇద్దరం కలిసి కాసేపు తిట్టుకున్నాం.

సున్నపు గోడ చెమ్మను పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. దాని మీద సిమెంటు కప్పితే లోపలి చెమ్మకు దారి మూసుకుపోతుంది. లోపలే ఉండి ఇటుకను తింటుంది, దూలం చివరను తింటుంది. బయటికి మాత్రం గోడ నున్నగా, గట్టిగా కనబడుతుంది. ఒకనాడు పెళ్లుమని పెచ్చు ఊడితే అప్పుడు తెలుస్తుంది, లోపల మట్టే మిగిలిందని. ఈ ముక్క ఇంజినీరింగు కాలేజీల్లో చెబుతారో లేదో నాకు తెలియదు. ఆ మేస్త్రీకి తండ్రి చెప్పాడట.

పైకప్పు దగ్గర పని చూస్తే నాకే మెడ పట్టేసింది. మేం చదివేటప్పుడు ఆ పువ్వులూ తీగలూ చెక్కతో చేశారనుకునేవాళ్లం. కాగితపు గుజ్జట. కాగితపు గుజ్జుతో పోసిన నగిషీ రెండు వందల ఏళ్లు మా నెత్తి మీద ఉందన్నమాట. నీళ్లు తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సన్నటి కుంచెలు పట్టుకుని ఎక్కడికక్కడ అతికించి, పూడ్చి, రంగు కలిపి నిలబెట్టారు. ఆ పని చేసిన చేతులకు దణ్ణం పెడతాను. ఇందులో సణుగుడేమీ లేదు.

సణుగుడు తర్వాతది. తలుపులు తెరిచాక హెరిటేజ్ వాక్ వాళ్లతో కలిసి మా మనవరాలు నన్ను తీసుకుపోయింది. ముందు నడుస్తున్న కుర్రాడు మైకు తగిలించుకుని 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ మనుషులతో వచ్చి ఈ రెసిడెన్సీ మీద ఎలా పడ్డారో చెప్పాడు. ఒకరిని చంపి వేలాడదీశారు, మరొకరిని అండమాన్ పంపారు. బాగానే చెప్పాడు. కిర్క్‌పాట్రిక్ గురించి చెప్పాడు, ఖైరున్నీసా గురించి కళ్లు చెమర్చేలా చెప్పాడు. 1947 వచ్చేసరికి “ఆ తర్వాత ఇది కాలేజీగా వాడబడింది” అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. దొర ఈ మేడలో కాపురమే చేయలేదు, ఆయనకు గంట. మేం డెబ్బై ఏళ్ల పైన ఉన్నాం, మాకు ఒక వాక్యం. అదీ కర్మణి ప్రయోగంలో!

“అమ్మమ్మా, మీరంతా కలిసి దాన్ని పాడుచేశారని కూడా అంటారు తెలుసా?” అంది మనవరాలు, నన్ను కవ్వించడానికే. పాడుచేయడానికి మేం ఎంతమందిమి, వాన ఎంత? ఆడపిల్లల చెప్పులకు మేడలు కూలవే పిల్లా. మేడను కూల్చేవి రెండే. ఒకటి తూములో అడ్డుపడ్డ పావురం గూడు, రెండు చూరు మీద మొలిచిన రావి మొక్క.

మా రోజుల్లో ఒక అటెండరు తాత ఉండేవాడు. బక్కపలచటి మనిషి, ఖాకీ చొక్కా, చెవిలో సగం తాగిన బీడీ. తొలకరి చినుకు పడిందంటే, ఎవరూ చెప్పకముందే, కొక్కెం కట్టిన వెదురుగడ భుజాన వేసుకుని మిద్దె ఎక్కేవాడు. తూములన్నీ పొడిచి, ఆకూ అలమూ పావురాల గూళ్లూ లాగి కింద పడేసేవాడు. కిటికీ బయట దబదబా చెత్త పడుతుంటే మా క్లాసు ఆగిపోయేది. చూరు సందుల్లో కాకి రెట్టతో మొలిచిన రావి మొక్కలు వెతికి వెతికి పీకేవాడు. వేరు లోపల తెగిపోతే మళ్లీ చిగురేస్తుందని ఆ కంతలో ఇంగువ కూరేవాడు. ఆ ఇంగువ ఇంటి నుంచి తెచ్చేవాడో, క్యాంటీనులో అడిగి పుచ్చుకునేవాడో! ఆయన జీతం అప్పట్లో ఎంతో నాకు తెలియదు గాని, ఆ మిద్దెకు జరిగిన మేలు లెక్కకడితే ఆయన్ను మించిన ఇంజినీరు లేడు.

ఈ ఊళ్లో పాత కట్టడం ఏది తీసుకున్నా కథ ఒకటే. అలాంటి తాత రిటైరవుతాడు. ఆ ఉద్యోగం ఖాళీగా ఉంటుంది. ఏ ఆఫీసులోనో ఎవరో ఆ పోస్టు అనవసరమని గీత కొడతారు. ఆ వర్షాకాలం ఏమీ కాదు, ఆ పై వర్షాకాలమూ ఏమీ కాదు. తూము పూడి, మిద్దె మీద నీళ్లు నిలిచి, సున్నం తడిసి, వాసాలు నాని, చెదలు పట్టి, పదిహేనో ఏట ఒక మూల దిగబడుతుంది. అప్పుడు కమిటీ వేస్తారు. కమిటీలో కూల్చాలని కొందరు, కాపాడాలని కొందరు. కాపాడాలన్న వాళ్లు గెలిస్తే అదృష్టం, కోట్లు కావాలి. నెలకో జీతం మిగుల్చుకున్నందుకు కోట్లు!

కోట్లు ఇచ్చేవాళ్లు కూడా దొరుకుతారండీ. అదే చిత్రం. కప్పు బాగుచేయిస్తానంటే దాత వస్తాడు, గేటు నిలబెడతానంటే దాత వస్తాడు. రిబ్బను కత్తిరించవచ్చు, పేరు చెక్కించుకోవచ్చు. తూములు పొడిచే మనిషికి జీతమిస్తానని మాత్రం ఎవరూ రారు. దానికి రిబ్బను లేదు, ఫోటో లేదు, పేరు చెక్కించడానికి రాయి లేదు. తూము మీద చెక్కించుకుంటారా?

మేడ నిలవడానికి కావలసింది మొదట తూములు పొడిచే మనిషైతే, రెండోది మనుషుల అలికిడి. వాడని ఇత్తడి బిందె అటక మీద ఎంత భద్రంగా పెట్టినా చిలుం పడుతుంది. రోజూ నీళ్లు తెచ్చేది సొట్టలు పడ్డా మెరుస్తూనే ఉంటుంది. సరోజినీ నాయుడు గారి గోల్డెన్ థ్రెషోల్డ్ చూడండి. 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మొదలైంది ఆ ఇంట్లోనే. పాఠాలూ నాటకాలూ అంటూ ఏదో ఒకటి సాగింది గనక జనానికి ఆ ఇల్లు గుర్తుంది. బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది. అది రాజప్రాసాదం ఏమీ కాదు, ఒక ఫోటోగ్రాఫరు ఉండిన ఇల్లు. 2010 నుంచి దాని తలుపు తెరిచి పెట్టారు. ఎవరైనా పోవచ్చు, చాయ్ తాగవచ్చు, సమోసా తినవచ్చు, పక్కన ఏ కవో చదువుతుంటే వినవచ్చు, వినకపోయినా తరిమేవాళ్లు లేరు. మా మనవరాలు వారానికోసారి పోతుంది. అక్కడికి నన్నూ తీసుకుపోయింది. కుర్చీలు నడుముకు ఏమంత సుఖంగా లేవు. కాని చాయ్ మరుగుతున్న ఇల్లు తొందరగా కూలదని నాకు అక్కడే ధైర్యం కలిగింది.

మా మేడ సంగతీ అలా అయితేనే బతుకుతుంది. ఇప్పుడది కాలేజీ కాదు, యూనివర్సిటీ. 2022లో తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయం అన్నారు, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. దొరల మీద తిరగబడి తన పంట తాను ఇంటికి తెచ్చుకున్న మనిషి పేరు, దొర అరవై ఎకరాలు అడిగి పుచ్చుకున్న చోట నిలిచింది. ఈ ఒక్క విషయంలో ‘మా రోజుల్లో’ అని నేను మొదలుపెట్టను. ఇది మా రోజులకన్నా మేలు.

అయితే ఆ పేరు గేటు మీద ఉంటే చాలదు. ఆ పేరుగల చోట చదివే పిల్లలు మేడ బయట నిలబడి అద్దాల్లోంచి తొంగిచూసే రోజు రాకూడదు. ఆడపిల్లల చదువు కోసం ఇచ్చిన ఇల్లు అది. చెప్పులు బయట విడవమనండి, గోడకు ఆనుకోవద్దనండి, సీతాఫలం అసలే తేవద్దనండి. కాని లోపలికి రానివ్వండి. వారానికి రెండు క్లాసులైనా దర్బారు హాల్లో పెట్టండి. తెలుగు క్లాసైతే మరీ మంచిది, అద్దాలున్నాయి గనక మేడమ్‌కు సౌకర్యం. సాయంత్రాలు చుట్టుపక్కల గల్లీల వాళ్లకు ఒక సంగీత కచేరీ, ఒక ముషాయిరా, ఒక పుస్తకం చర్చ పెట్టండి. పుత్లీబౌలీలో పుట్టి పెరిగి ఒక్కసారైనా ఆ గేటు దాటి లోపలికి రానివాళ్లు బోలెడు మంది. వాళ్లను కూర్చోబెట్టండి. పెళ్లి ఫోటోల వాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటారా, తీసుకోండి, గట్టిగా తీసుకోండి. ఆ డబ్బు శాలువాలకు పోకుండా మిద్దె మీదికి పోయేలా చూడండి.

“ఇంతకీ నీకేం కావాలి అమ్మమ్మా? బాగుచేయకపోతే తిడతావు, బాగుచేస్తే తిడతావు” అని మనవరాలు విసుక్కుంది, ఆటో ఎక్కుతూ. నాకు కావలసింది పెద్దదేం కాదు. తొలకరికి ముందే వెదురుగడ పట్టుకుని మిద్దె ఎక్కే మనిషి ఒకడు. ఆడమనిషైనా సరే, యూనివర్సిటీ వాళ్లదే గనక ఆడమనిషైతే ఇంకా మంచిది. పర్మినెంటు ఉద్యోగం, ఒకటో తారీఖున జీతం, గడకు మంచి కొక్కెం. ఇంగువ కావాలంటే నేను కొనిస్తాను.